ఏసీ బయటి యూనిట్‌లో ఫ్యాన్ మోటారు వేడెక్కి ఆగిపోతే: కారణాలు, పరీక్షలు, జాగ్రత్తలు

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. అక్కడ ఇంటి పైకప్పుకు ఫ్యాను బిగించుకోవడమే దండుగ ఖర్చని భావించిన కాలం ఒకటి ఉండేది. అదే నగరంలో 2016 ఏప్రిల్ 24వ తేదీన 39.2 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. 2024 ఏప్రిల్ 28న అది 38.5 డిగ్రీలకు చేరింది. కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం, ముళబాగిలు, బాగేపల్లి ప్రాంతాల నుండి వెళ్ళి నగరంలో అద్దె ఇళ్ళలో కాపురముంటున్న కుటుంబాలు ఏసీ కొనుక్కోవడం నేడు విడ్డూరం కాదు. ఇల్లు మారినప్పుడో, కొత్తది కొన్నప్పుడో పాత ఏసీని లారీలో వేసి స్వగ్రామానికి చేర్చి, తల్లిదండ్రులు పడుకునే గదిలో బిగించడమూ సర్వసాధారణమైంది.

వేసవిలో ఈ యంత్రాల గురించి వినవచ్చే ఫిర్యాదు నగరంలోనైనా, పల్లెలోనైనా ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ పెడితే అరగంటసేపు చల్లగా వీస్తుంది. ఆ తరువాత లోపలి నుండి వచ్చేది ఉత్త గాలి మాత్రమే. కాసేపు ఆపి, పొద్దు వాలిన తరువాత మళ్ళీ పెడితే ఏమీ ఎరగనట్లు పనిచేస్తుంది. చల్లదనం పోయిన సమయంలో మేడ మీదికో, ఇంటి వెనుకకో వెళ్ళి చూస్తే బయటి యూనిట్‌లో కంప్రెసర్ గుర్రుమంటూ ఉంటుంది గాని దాని ముందున్న ఫ్యాను కదలకుండా నిలిచి ఉంటుంది. ఈ లక్షణాలు కనిపిస్తే ఫ్యాన్ మోటారు వేడెక్కి ఆగిపోతున్నదని ప్రాథమికంగా నిర్ణయించుకోవచ్చు.

సకాలంలో గుర్తిస్తే ఇది చాలా సందర్భాలలో కొన్ని వందల రూపాయలతో తీరే వ్యాధి. ఉపేక్షిస్తే కంప్రెసర్ కాలిపోయి వేలల్లోకి పోతుంది. తెలిసీ తెలియక మూత విప్పి చెయ్యి పెడితే ప్రాణానికే ముప్పు. అందువలన ఇంటివారు చూడదగినదేది, మెకానిక్‌కు విడిచిపెట్టవలసినదేది అన్న విభజన ముందుగా తెలిసి ఉండాలి.

బయటి పెట్టెలో జరిగే పని

గదిలోని వేడిని లోపలి యూనిట్ పీల్చుకుంటుంది. ఆ వేడిని గొట్టాల ద్వారా గ్యాస్ బయటికి మోసుకుని వస్తుంది. కంప్రెసర్ ఆ గ్యాస్‌ను గట్టిగా అదిమి మరింత వేడెక్కించి, సన్నని రేకుల మధ్య మెలికలు తిరిగిన గొట్టాలలోకి పంపుతుంది. ఈ గొట్టాల అమరికకే కండెన్సర్ కాయిల్ అని పేరు. ఫ్యాను వెనుకవైపు నుండి గాలిని ఈ కాయిల్ గుండా లాగి ముందుకు విసురుతుంది. బయటి యూనిట్ ముందు నిలబడితే ముఖానికి కొట్టే వేడిగాలి అసలు మన గదిలోని వేడే.

ఫ్యాను ఆగితే ఆ వేడికి బయటికి పోయే దారి ఉండదు. గొట్టాలలో ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరికి దానికున్న రక్షణ స్విచ్చి తెగి ఆగిపోతుంది. చల్లారిన తరువాత మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఇలా రోజుకు పదిసార్లు జరిగితే ఏ కంప్రెసర్ అయినా ఎక్కువ కాలం బ్రతకదు. ఫ్యాను తిరగకపోయినా లోపల కొంచెం చల్లగానే ఉన్నదని అలాగే నడిపించేవారు గమనించవలసిన విషయమిది.

వేగం మారని పాతరకం ఏసీలలో ఈ ఫ్యాన్ మోటారు సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు. 1888లో నికోలా టెస్లా పేటెంట్లు పొందిన ఇండక్షన్ మోటారు సూత్రమే దీనికీ ఆధారం. దీని లోపల రెండు చుట్లు ఉంటాయి. రెండింటిలోనూ ఒకే క్షణంలో ఒకే విధంగా కరెంటు పారితే మోటారు గుయ్యిమంటుందే గాని తిరగదు. రెండవ చుట్టలోని కరెంటును కొంచెం ముందుకు జరిపే పని కెపాసిటర్ చేస్తుంది. అప్పుడు లోపల తిరిగే అయస్కాంత క్షేత్రం ఏర్పడి ఇరుసు దాని వెంట పరుగెడుతుంది. ఆరు ధ్రువాల మోటారుకు 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద సైద్ధాంతిక వేగం నిమిషానికి 1000 చుట్లు. వాస్తవంలో దానికంటే కొంత తక్కువగా తిరుగుతుంది. ఆ తేడా పెరిగేకొద్దీ మోటారులో వేడి పెరుగుతుంది. అంటే నెమ్మదిగా తిరుగుతున్న మోటారు అలసట తక్కువై నిదానించినది కాదు. అది లోపల కాలుతున్నది.

ఈ మోటారు కూర్చున్న చోటు కూడా సుఖమైనది కాదు. కాయిల్ గుండా వచ్చిన గాలి బయటి గాలి కంటే పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. బెంగళూరులో 38 డిగ్రీల ఎండ కాసిన నాడు మోటారు చుట్టూ వీచే గాలి 50 డిగ్రీల వరకు ఉంటుందన్నమాట. నగరం ఎత్తున ఉండడం వలన అక్కడి గాలి సముద్రతీరపు గాలి కంటే దాదాపు పదవ వంతు పలుచన. పలుచని గాలి తక్కువ వేడిని మోస్తుంది. అయితే సాధారణ మోటార్లు 1000 మీటర్ల ఎత్తు వరకు పనిచేసే లెక్కతోనే తయారవుతాయి గనుక బెంగళూరు ఆ హద్దులోపలే ఉన్నది.

మోటారు చుట్లకు వేసిన పూత ఎంత వేడిని తట్టుకుంటుందో దాని పేరుపలక మీద ఉంటుంది. ‘బి’ తరగతి అయితే 130 డిగ్రీలు, ‘ఎఫ్’ తరగతి అయితే 155 డిగ్రీలు. కాబట్టి నడిచి ఆగిన మోటారు ముట్టుకోలేనంత వేడిగా ఉండడం దానంతటది లోపం కాదు. నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం, వార్నిష్ కాలిన వాసన రావడం, ఫ్యాను నీరసంగా తిరగడం, ఇవీ లోపానికి గుర్తులు. చాలా మోటార్లలో చుట్ల మధ్య ఒక చిన్న థర్మల్ స్విచ్చి దాగి ఉంటుంది. హద్దు మీరిన వేడికి అది తెగి మోటారును ఆపుతుంది, చల్లారగానే కలుస్తుంది. సాయంత్రానికి ఏసీ తనంతట తాను బాగుపడిందని ఇంటిల్లిపాదీ సంతోషించడానికి కారణం ఈ చిన్న స్విచ్చే.

విప్పకుండానే చూడదగినవి

మొదట గాలి దారి. బెంగళూరులో ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు గల స్థలంలో నాలుగు అంతస్తులు లేపిన ఇళ్ళు వీధుల కొద్దీ ఉన్నాయి. ఒక ఇంటి గోడకు, పక్క ఇంటి గోడకు మధ్య మనిషి పక్కకు తిరిగి నడవవలసినంత సందు. ఆ సందులోనే ఇరువైపుల వారి బయటి యూనిట్లు ఒకదానికొకటి ఎదురుగా బిగించి ఉంటాయి. ఇతని యూనిట్ విసిరిన వేడిగాలిని అతని యూనిట్ పీలుస్తుంది. మరికొందరు దొంగల భయంతో యూనిట్ చుట్టూ ఇనుప పంజరం కట్టించి, వాన పడకుండా రేకు కప్పి, ముందు వైపు కూడా మూసివేస్తారు. విసిరిన వేడిగాలి తిరిగి వెనుకకే చేరుతుంది. అటువంటి చోట ఎంత మంచి మోటారు బిగించినా రెండేళ్ళు నిలవదు. వెనుకవైపు కనీసం ఒక అడుగు, ముందువైపు మూడు నాలుగు అడుగుల ఖాళీ ఉండాలన్నది స్థూలమైన కొలత. కచ్చితమైన కొలతలు ఏసీతో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. మోటారు మార్చమని చెప్పే మెకానిక్ కంటే యూనిట్‌ను నాలుగు అడుగులు జరపమని చెప్పే మెకానిక్‌కు పని ఎక్కువగా తెలిసినట్లు లెక్క.

తరువాత మురికి. నగరంలో పావురాలు ఈ యూనిట్ల వెనుక గూళ్ళు కడతాయి. పల్లెలలో ఎర్రమట్టి దుమ్ము, గడ్డివాము నుసి, కంకర మిషన్ల పొడి కాయిల్ రేకుల మధ్య అట్టకడతాయి. హిందూపురం, శిడ్లఘట్ట, చింతామణి వైపు పట్టు పని జరిగే ఇళ్ళలో సన్నని పోగులు గాలిలో తేలి వచ్చి కాయిల్‌కు పలుచని దుప్పటిలా అంటుకోవడం మరొక ఇబ్బంది. పరీక్ష సులభం. వెనుకవైపు రేకుల మధ్య నుండి టార్చి వెలుతురు ఏ మాత్రమూ చొరబడకపోతే గాలి కూడా చొరబడడం లేదు. శుభ్రం చేయడానికి ముందు రిమోట్‌తో ఆపితే సరిపోదు, మెయిన్ బోర్డులో ఏసీకి సంబంధించిన ఎంసీబీని దించివేయాలి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, పైపు నీటిని తక్కువ వేగంతో పోయాలి. బండ్లు కడిగే పంపుతో కొడితే రేకులు వంగి గాలిదారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఆసిడ్ వాడకూడదు. మోటారు మీద, విద్యుత్ తీగలు ఉన్న పక్క అర మీద నీరు పడకూడదు. పూర్తిగా ఆరిన తరువాతనే ఎంసీబీ ఎత్తాలి.

యూనిట్ నేల మీద ఉంటే, లేదా మేడ మీద నిలబడి అందేంత దూరంలో ఉంటే మాత్రమే ఈ పని ఇంటివారు చేయదగినది. మూడవ అంతస్తు గోడకు వేలాడే యూనిట్ కోసం సజ్జ మీదికి దిగడం తగదు. తాడు, నడికట్టు ఉన్న పనివానికే అది పని.

వోల్టేజీ సంగతి

1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుండి కోలారు బంగారు గనులకు తీగలు లాగారు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తరువాత మూడేళ్ళకు, 1905లో. నగరం కంటే ముందు సరిహద్దు ప్రాంతానికి కరెంటు వచ్చిందన్న గొప్ప చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఈనాటికీ ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇంట్లో సాయంత్రం వోల్టేజీ ఎంత ఉంటుందో ఆ ఇంటి బల్బే చెబుతుంది.

మన దేశంలో ఇళ్ళకు ఇచ్చే ప్రమాణ వోల్టేజీ 230. దానికి ఆరేడు శాతం అటూ ఇటూ ఉండడం సహజం. మోటారు తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది. ఈ మాటకు అర్థం లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. వోల్టేజీ 230 నుండి 180కి దిగిందనుకుందాం. తగ్గింది ఇరవై రెండు శాతమే. కాని 180ని 230తో భాగించి, వచ్చిన దానిని దానితోనే హెచ్చిస్తే సుమారు 0.61 వస్తుంది. బలంలో దాదాపు నలభై శాతం పోయింది. ఫ్యాను నెమ్మదిస్తుంది, కాయిల్ చల్లబడదు, మోటారు తన గాలి తనకే చాలక వేడెక్కుతుంది. వ్యవసాయ మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళల్లోనే ఏసీ మొరాయిస్తున్నదంటే మోటారును అనుమానించే ముందు ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలిపించాలి. ఏసీ నడుస్తుండగా కొలిస్తేనే నిజం తెలుస్తుంది. ఆపి ఉన్నప్పుడు 220 చూపిన మీటరు కంప్రెసర్ అందుకోగానే 185కు పడిపోవచ్చు. అలా పడితే తీగ సన్నగా ఉందని గాని, ఎక్కడో జాయింటు వదులైందని గాని గ్రహించాలి.

స్టెబిలైజర్ కొనేవారు ఏసీ టన్నుల లెక్కకు తగినదే తీసుకోవాలి. టీవీకి పనిచేసే స్టెబిలైజర్ ఏసీకి పనికిరాదు. ఇది తెలియనివారు లేరనుకుంటాం గాని ఉన్నారు.

దీనికి భిన్నమైన ప్రమాదం ఒకటున్నది. వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇళ్ళలో బల్బులు మసకబారి, మరికొన్ని ఇళ్ళలో కళ్ళు చెదిరేలా వెలుగుతాయి. ఆ వెలుగులో వోల్టేజీ 300 దాటి ఉండవచ్చు. ఆ క్షణంలో మెయిన్ ఆపడం తప్ప మరొక ఆలోచన చేయకూడదు.

కెపాసిటర్, కండెన్సర్: ఒకే మాటకు రెండు ధరలు

ఫ్యాను ఆగిపోయే కేసులలో మొదట అనుమానించవలసిన భాగం కెపాసిటర్. మన ప్రాంతంలో ఎలక్ట్రీషియన్లు, దుకాణదారులు దీనిని ‘కండెన్సర్’ అనే పిలుస్తారు. అది పూర్వకాలపు పేరు, తప్పు కాదు. చిక్కేమిటంటే ఏసీలో వేడిని బయటికి వదిలే పెద్ద కాయిల్ పేరు కూడా కండెన్సరే. మొదటిది అగ్గిపెట్టె అంతటి ప్లాస్టిక్ ముక్క, కొన్ని వందల రూపాయలకు మించదు. రెండవది రాగి, అల్యూమినియంలతో చేసిన పెద్ద భాగం, దానిని మార్చాలంటే గ్యాస్ తీసి మళ్ళీ నింపాలి, వేల రూపాయల పని. ఫోనులో “కండెన్సర్ పోయింది” అని మెకానిక్ చెప్పగానే ఊళ్ళోని తండ్రి వేల రూపాయలు పంపడం, నగరంలోని కొడుకు పోగొట్టుకోవడం జరగడానికి ఈ ఒక్క మాట చాలు. “ఏ కండెన్సర్? కరెంటు కండెన్సరా, గ్యాస్ కాయిలా?” అని అడగాలి. తీసిన పాత భాగాన్ని చూపమని కోరాలి. న్యాయమైన మెకానిక్ అందుకు నొచ్చుకోడు.

ఫ్యాను కెపాసిటర్ విలువ సాధారణంగా రెండు నుండి ఆరు మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది. కంప్రెసర్‌కు వేరే కెపాసిటర్ ఉంటుంది, దాని విలువ అనేక రెట్లు ఎక్కువ. కాలక్రమంలో, ముఖ్యంగా వేడిలో, కెపాసిటర్ విలువ క్షీణిస్తుంది. పూర్తిగా చచ్చిపోతే ఫ్యాను అసలు కదలదు, గుయ్యిమని శబ్దం మాత్రం వస్తుంది. సగం చచ్చిపోతే ఉదయం చల్లని వేళ తిరిగి, మధ్యాహ్నం వేడిలో చేతులెత్తేస్తుంది. మోటారు చెడిందని భ్రమింపజేసేది ఈ సగం చావే. కర్రతో రెక్కను కొంచెం తోస్తే ఫ్యాను అందుకుని తిరుగుతుందని కొందరు యువకులు పరీక్షిస్తూ ఉంటారు. ఆ పరీక్ష కెపాసిటర్ లోపాన్ని సూచించే మాట నిజమే గాని, తీగలు తగిలే చోట, రెక్క ఎప్పుడు తిరుగుతుందో తెలియని చోట అది వేళ్ళు పోగొట్టుకునే పని. చేయకపోవడమే మంచిది.

ఎంసీబీ దించిన తరువాత కూడా కెపాసిటర్‌లో విద్యుదావేశం మిగిలి ఉంటుంది. కంప్రెసర్ కెపాసిటర్ విషయంలో ఇది మరీ ప్రమాదకరం. శిక్షణ పొందిన మెకానిక్ ముందుగా తగిన రెసిస్టర్‌తో గాని, హోల్డరుకు తీగలు కట్టిన మామూలు ఫిలమెంటు బల్బుతో గాని ఆ ఆవేశాన్ని ఖాళీ చేసి, మీటరుతో సున్నా అయిందని చూసుకుని, ఆ తరువాతనే ముట్టుకుంటాడు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పురవ్వలు రేపేవాని పనితనం గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఖాళీ చేసిన కెపాసిటర్‌ను కెపాసిటెన్స్ కొలిచే మీటరుతో పరీక్షించాలి. పెట్టె మీద 2.5 మైక్రోఫారడ్లు, ఐదు శాతం హెచ్చుతగ్గు అని ఉంటే మీటరు 2.4 నుండి 2.6 వరకు చూపాలి. 1.8 చూపితే అది పారవేయవలసినదే. కొత్తది అదే విలువది కావాలి. వోల్టేజీ అంకె పాతదానితో సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండవచ్చు, తక్కువ ఉండరాదు. సాధారణంగా 440 వోల్టులని ఉంటుంది. “పెద్దది వేస్తే ఫ్యాను జోరుగా తిరుగుతుంది” అన్న మాట నమ్మరాదు. విలువ పెంచితే రెండవ చుట్టలోకి కరెంటు ఎక్కువ పారి మోటారు మరింత వేడెక్కుతుంది. సీలింగ్ ఫ్యాను కెపాసిటర్ విలువ సరిపోయినంత మాత్రాన ఇక్కడ వాడేయడం కూడా సరికాదు. పెట్టె మీద ఉన్న ఉష్ణోగ్రత హద్దును చూడాలి. గదిలో 70 డిగ్రీల హద్దు చాలు, ఎండలో కాలే డబ్బాలో 85 డిగ్రీల హద్దు ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది.

బేరింగులు, రెక్క, చుట్లు

విద్యుత్తు పూర్తిగా ఆపి, కెపాసిటర్ ఖాళీ చేసిన తరువాత మెకానిక్ రెక్కను వేలితో తిప్పి చూస్తాడు. అది ఏ శబ్దమూ లేకుండా కొన్ని చుట్లు తిరిగి నిదానంగా ఆగాలి. వెంటనే ఆగినా, గరగరమన్నా, ఇరుసును పట్టి పైకీ కిందికీ కదిపితే ఊగినా బేరింగు అరిగిందని అర్థం. ఈ మోటార్లలో అధికభాగం మూసివేసినవి, నూనె పోసే రంధ్రం ఉండదు. కుట్టుమిషన్ నూనె పోస్తే రెండు మూడు రోజులు హాయిగా తిరిగి, దుమ్ము పట్టి మునుపటి కంటే గట్టిగా బిగుసుకుంటుంది. బేరింగు మార్చగల మోటారైతే మార్చించాలి, లేదా మోటారే మార్చాలి.

రెక్క ఒకవైపు విరిగితే మోటారు అదురుతూ బేరింగులను తినివేస్తుంది. మరో కంపెనీ రెక్కను కోసి అతికించిన సందర్భాలూ ఉన్నాయి. వాలు ఎక్కువైన రెక్క ఎక్కువ గాలిని నెట్టబోయి మోటారు మీద భారం మోపుతుంది.

చుట్ల పరీక్షకు ఓమ్ మీటరు చాలు. మూడు తీగలు బయటికి వచ్చే మోటారులో రెండేసి తీగల మధ్య మూడుసార్లు కొలిస్తే, అన్నింటికంటే పెద్ద అంకె మిగిలిన రెండింటి మొత్తానికి సమానం కావాలి. అలా కాకపోతే చుట్లలో ఎక్కడో షార్టు ఉన్నట్లు. ఏ తీగకైనా, మోటారు ఇనుప ఒంటికి మధ్య మెగ్గర్‌తో కొలిచినప్పుడు ఒక మెగోమ్ కంటే తక్కువ చూపితే ఆ మోటారును ఇక నడపకూడదు. ఆ యూనిట్ ఇనుప డబ్బాను తాకిన పిల్లవానికి షాకు కొట్టవచ్చు. ఎర్తింగ్ లేని ఇళ్ళలో, బయటి యూనిట్‌కు దండెం కట్టి తడి బట్టలు ఆరవేసే ఇళ్ళలో ఈ భయం రెట్టింపు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి మెయిన్ బోర్డులో ఉంటే ఇటువంటి లీకేజీని పసిగట్టి సరఫరాను తెంచుతుంది. ఏసీకి పెట్టిన ఖర్చులో అది చిన్న భాగం.

రీవైండింగ్ చేయించాలా?

బోరు మోటార్లకు చుట్లు వేసే దుకాణం లేని సరిహద్దు పట్టణం లేదు. అక్కడి మేస్త్రీల చేతిపని గురించి రైతులకు తెలుసు. ఏసీ ఫ్యాన్ మోటారుకూ వారు చుట్లు వేయగలరు. అయితే ఒక్క షరతు. పాత చుట్లు విప్పేటప్పుడు బయటపడిన థర్మల్ స్విచ్చి తెగిపోయిందని పక్కన పారేసి, దాని తీగలను నేరుగా కలిపి వేయడం కొందరికి అలవాటు. మోటారు అప్పుడు ఆగకుండా తిరుగుతుంది. ఒకనాడు బేరింగు బిగుసుకుంటే ఆపేవారు లేక చుట్లు మండి, ప్లాస్టిక్ రెక్క అంటుకునే ప్రమాదం ఉన్నది. అందువలన “లోపలి కటౌట్ కొత్తది వేశారా?” అని మేస్త్రీని అడిగి తీరాలి. వేయడం కుదరదంటే కొత్త మోటారు కొనడమే వివేకం.

కొత్త మోటారు కోసం నగరంలోని సర్దార్ పాత్రప్ప రోడ్డు, అంటే అందరూ ఎస్.పి. రోడ్డు అని పిలిచే వీధికి వెళ్ళేవారు పాత మోటారు పేరుపలకను ఫోటో తీసుకుని వెళ్ళాలి. వాట్లు, వేగం, తిరిగే దిశ, ఇరుసు మందం, కెపాసిటర్ విలువ, ఈ ఐదూ కలవాలి. ఏసీ ఇంకా వారంటీలో ఉన్నదేమో చూసుకోకుండా బయటి మెకానిక్‌తో డబ్బా విప్పించకూడదు. చాలా కంపెనీలు కంప్రెసర్‌కు ఎక్కువ ఏళ్ళు, మిగిలిన భాగాలకు తక్కువ కాలం హామీ ఇస్తాయి. బిల్లు వెంట ఇచ్చిన కాగితంలో ఫ్యాన్ మోటారు ఏ పద్దులో ఉన్నదో చదవాలి. కంపెనీవారు అన్యాయంగా నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

గ్యాస్ గురించి ఒక మాట. ఏసీ చల్లబడకపోతే చాలు, గ్యాస్ పోయిందని చెప్పేవారున్నారు. గ్యాస్ తగ్గితే బయటి కాయిల్ మామూలు కంటే చల్లగా ఉంటుంది గాని ఫ్యాన్ మోటారు వేడెక్కదు. బయట ఫ్యాను ఆగి ఉన్నదని కళ్ళారా చూసిన తరువాత గ్యాస్ నింపడానికి ఒప్పుకోవలసిన పనిలేదు. ఆగిన ఫ్యానుతో గ్యాస్ నింపితే ఒత్తిడి మరింత పెరుగుతుంది. పైగా నేటి ఏసీలలో వాడే ఆర్-32 కొంతమేరకు మండే స్వభావం గలది. దానిని ముట్టుకోవలసినవారు శిక్షణ పొందినవారే.

ఇన్వర్టర్ ఏసీలు

ఇప్పుడు అమ్ముడవుతున్న వాటిలో అధికభాగం ఇన్వర్టర్ ఏసీలు. వీటి బయటి ఫ్యానుకు చాలా మోడళ్ళలో డీసీ మోటారు ఉంటుంది. దానికి కెపాసిటర్ ఉండదు, ఎలక్ట్రానిక్ బోర్డు ద్వారా నడుస్తుంది, వేగం అవసరాన్ని బట్టి మారుతుంది. కాబట్టి సాయంత్రం నెమ్మదిగా తిరగడం ఇక్కడ లోపం కాకపోవచ్చు. ఫ్యాను ఆగితే బోర్డు తానే గ్రహించి యంత్రాన్ని ఆపి, లోపలి యూనిట్ మీద ఒక అంకెనో, దీపం మినుకులనో చూపుతుంది. ఆ గుర్తును రాసిపెట్టుకుని మెకానిక్‌కు చెప్పాలి. బయటి బోర్డు మీద 300 వోల్టులకు పైబడిన డీసీ ఉంటుంది, ఆపిన తరువాత కూడా కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది. పైన చెప్పిన పరీక్షలేవీ వీటికి వర్తించవు. గాలిదారి, మురికి, వోల్టేజీ తప్ప ఇంటివారు చేయదగినది లేదు.

మరమ్మతు పూర్తయిన తరువాత

కొత్త మోటారు బిగించినప్పుడు తీగలు తారుమారైతే ఫ్యాను ఎదురు దిశలో తిరుగుతుంది. తిరుగుతున్నది గదా అని అందరూ తృప్తిపడతారు, వారం తిరగకుండానే పాత కథ మొదలవుతుంది. వెనుకవైపు కాయిల్ మీద ఒక పలుచని కాగితం పెట్టి చూడాలి. అతుక్కుంటే దిశ సరైనదే. ఎగిరిపోతే తీగలు మార్చాలి. క్లాంప్ మీటరుతో ఫ్యాను తీగ ఒక్కదానినే పట్టి కరెంటు కొలిపించి, పేరుపలక మీది అంకెతో పోల్చాలి. ఇళ్ళలో వాడే ఏసీల ఫ్యాను కరెంటు సాధారణంగా ఒక ఆంపియర్ కంటే తక్కువే.

మెకానిక్ ఉదయం తొమ్మిదింటికి వచ్చి పదింటికి వెళ్ళిపోతే పరీక్ష సగమే అయినట్లు. మధ్యాహ్నం రెండు నుండి నాలుగు గంటల మధ్య, రిమోట్‌లో 24 డిగ్రీలు పెట్టి, రెండు గంటలు ఆగకుండా నడిపి, అరగంటకొకసారి బయటి ఫ్యానును చూసి రావాలి. అప్పటికీ అది ఆగకుండా తిరుగుతుంటేనే మిగిలిన డబ్బు చెల్లించేలా ముందే మాట్లాడుకోవడం మంచిది.